కాలవ వైపు

వెంకటరత్నమ్మ కుడికాలికి సిమెంటు కట్టు వేసి పదహారు రోజులైంది. వసారాలో మంచం, మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మందులూ మంచినీళ్ళూ. అంతే ఆవిడ రాజ్యం. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఊరంతా కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు పెరట్లోకి వెళ్ళాలన్నా మనవరాలు లాస్య భుజం పట్టుకోవాలి. లేచి పోవడానికి లేదు కాబట్టి పరామర్శకు వచ్చినవాళ్ళు ఏమన్నా వినాల్సిందే.

అందరిదీ ఒకటే పాట.

"ఆ ఆటోవాడికి కళ్ళు నెత్తికెక్కాయండీ. సైకిలంటే మనిషి కాదు వాడికి."

"పెద్ద బండిదే తప్పండీ, ఎప్పుడైనా అంతే. చట్టంలోనే ఉంది."

"హారన్ కూడా కొట్టలేదంటగా పిన్నీ?"

ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వెంకటరత్నమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకునేది. హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆవిడ చెవులతో విన్నది.

అవనిగడ్డ నుంచి వాళ్ళ ఊరికి కాలవ గట్టు వెంబడి నాలుగు కిలోమీటర్ల రోడ్డు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు. అవనిగడ్డ వెళ్ళేటప్పుడు కాలవ ఎడమ చేతికి ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు కుడి చేతికి. ఆ ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళెవరూ కుడీ ఎడమా చూడరు. వెళ్తున్నా వస్తున్నా కాలవ వైపే. చేల వైపు పెద్ద బండ్లకి, కాలవ వైపు సైకిళ్ళకి. తూము దిమ్మ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసే ఉంది: "సైకిళ్ళు కాలవ వైపే నడపవలెను." ముప్పై నాలుగేళ్ళ కిందటి రాత. ఏటా ఎవరో ఒకరు దాని మీద రంగు దిద్దుతారు. అది కలెక్టరు పెట్టిన రూలనీ, దేశమంతా ఇంతేననీ నమ్మేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

ఆ రాత పుట్టడానికి కారణం వెంకటరత్నమ్మే.

అప్పటికి ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త జగన్మోహనరావు పొద్దున్నే విత్తనాల కోసం సైకిలు మీద బయలుదేరాడు. వెళ్తూ వెళ్తూ "చారు పెట్టు చాలు, కూరేం వద్దు" అన్నాడు. ఆయన నోట అదే ఆఖరు మాట. తిరిగి వస్తూ చేల వైపున ఉన్నాడు. వెనక నుంచి ఇటుకల లారీ వచ్చింది. ఇంట్లో చారు మరిగి మరిగి అడుగంటిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ వెళ్ళి రోడ్డు మీద నిలబడింది. చేల వైపున వచ్చే ప్రతి సైకిలూ ఆపింది. "కాలవ వైపు పో నాయనా. ఎదురుగా వచ్చేది కంటికి కనపడుతుంది, వెనక నుంచి వచ్చేది కనపడదు. కాలవలో పడితే ఈదుకొస్తావు, లారీ కింద పడితే లేచి రావు." మొగుడు పోయి పదిహేను రోజులు దాటని మనిషి చెయ్యి అడ్డం పెడితే ఎవడు కాదంటాడు? ఎండలో వానలో నెల రోజులు నిలబడింది. అప్పటి ప్రెసిడెంటు బసవపున్నయ్య చూసి చూసి, ఆ మాటనే తూము దిమ్మ మీద రాయించాడు. అది చూసుకున్నాకే ఆవిడ ఇంట్లోకి వెళ్ళింది.

పదహారు రోజుల కిందట కోడలు ఇంద్రజ ఆవిడని క్యారేజీ మీద ఎక్కించుకుని అవనిగడ్డలో కళ్ళ డాక్టరుకి చూపించి తీసుకొస్తోంది. ఇంద్రజ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. పుట్టిల్లు గుడివాడ. ఇరవయ్యేళ్ళ కాపరంలో అత్తాకోడళ్ళు ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు గాని, ఒకరు తినకుండా ఇంకొకరు తిన్న పూట లేదు.

జమ్ము మలుపు రాగానే ఇంద్రజ బ్రేకు వేసింది.

"అత్తయ్యా, ఇక్కడ మాత్రం ఎడమ పక్కకి వెళ్దామండీ. జమ్ము మనిషెత్తు పెరిగింది, ఎదురేం వస్తుందో కనపడటం లేదు. మొన్న బందరు ట్రైనింగులో చెప్పారు, సైకిలైనా సరే ఎడమ వైపే వెళ్ళాలంట."

"మీ ట్రైనింగు వాళ్ళకి మన కాలవ తెలుసా ఏంటి? పోనీ, కాలవ వైపే పోనీ."

ఇంద్రజ వినిపించుకోకుండా హ్యాండిలు ఎడమకి తిప్పింది. వెంకటరత్నమ్మ వెనక నుంచి కోడలి నడుం మీద గట్టిగా గిల్లింది, మాట వినని చంటిదాన్ని గిల్లినట్టు. ఇంద్రజ "అబ్బా" అని హ్యాండిలు మళ్ళీ కుడికి తిప్పేసింది. అప్పుడు వినపడింది హారన్. అప్పటికే మలుపులోకి వచ్చేశారు.

ఎదురుగా వచ్చింది లోడు ఆటో. నడుపుతున్నవాడు పెడన నుంచి వచ్చిన శామ్యూల్ రాజ్. రొయ్యల చెరువు దగ్గర మేత బస్తాలు దింపి ఖాళీ బండితో అవనిగడ్డ వైపు వెళ్తున్నాడు. అతను తన ఎడమ పక్కనే ఉన్నాడు. అటు వెళ్ళేవాడికి ఎడమంటే కాలవ పక్క. బ్రేకు తొక్కి పక్కకి తిప్పాడు గాని ఆటో మూల సైకిలుకి తగలనే తగిలింది. వెంకటరత్నమ్మ తారురోడ్డు మీద పడింది. ఇంద్రజ గట్టు రాళ్ళ మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. గుడివాడలో ఆపరేషను చేశారు. నడుస్తుంది గాని మునుపటి నడక రాదన్నారు.

చేలల్లో ఉన్న జనం పరుగెత్తుకొచ్చి శామ్యూల్ రాజ్‌ని కొట్టారు. ఆడవాళ్ళిద్దర్నీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్దామని అతను ఆటో వెనక తలుపు దించుతున్నాడు, అప్పుడు కొట్టారు.

గిల్లిన సంగతి ఇద్దరికే తెలుసు. ఇంద్రజ మొగుడికి కూడా చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా "కాలు ఎలా ఉందండీ, మందులు వేసుకుంటున్నారా" అంటుందే గాని ఆ ఊసెత్తదు. కోడలు తిట్టిపోసినా వెంకటరత్నమ్మకి ఇంత బరువుగా ఉండేది కాదు. కొడుకు చిన్నబాబుకి తెలిస్తే? పెళ్ళాన్ని మళ్ళీ ఈ గడప తొక్కనిస్తాడా? ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోవడమంటే ఆవిడకి చావుతో సమానం. ఒకసారి వెళ్ళిన మనిషి ఎలా తిరిగొచ్చాడో చూసింది మరి. ఇంకోపక్క ఆ ఆటో అబ్బాయి. వాడిదే తప్పని ఆవిడ మనసు నిబ్బరంగానే ఉండేది, వాడి తల్లి వచ్చేదాకా.

ఆవేళ పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. యాభై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో ఎర్రరంగూ నల్లరంగూ ఇంకిపోయి ఉన్నాయి.

"ఎవరమ్మా?"

"పెడన నుంచి వచ్చానండీ. ప్రేమమ్మ నా పేరు. ఆటో అబ్బాయి తల్లినండీ."

వెంకటరత్నమ్మ పొమ్మందామనుకుంది. మర్యాద ముందు నోరు తెరిచింది. "ఎండన పడి వచ్చావు, కూర్చో. లాస్యా, మంచినీళ్ళియ్యి."

ప్రేమమ్మ మెట్టు మీద కూర్చుంది. లాస్య చూపు తన చేతుల మీద పడటం చూసి, "బట్ట మీద అచ్చులు వేసే చేతులమ్మా, ఎంత తోమినా పోదు" అంది. తర్వాత ముసలావిడ వైపు తిరిగింది. "మీ కోడలుగారి కోసం మా సంఘంలో అందరం ప్రార్థన చేస్తున్నామండీ. రేపు హెడ్డుగారు మీ వాంగ్మూలం రాసుకోడానికి వస్తారంట. మావాడి లైసెన్సు స్టేషన్లో ఉండిపోయింది. వాడికి స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాదు. అయినా బతిమాలడానికి రాలేదండీ. ఒక్కమాట అడిగి పోదామని వచ్చాను."

"అడుగు."

"వాడు ఒకటే చెబుతున్నాడు. అమ్మా, నేను నా పక్కనే ఉన్నాను, వాళ్ళే నాకెదురొచ్చారు అని. తల్లిని కదండీ, కొడుకు చెప్పింది నమ్మాలనే ఉంటుంది. అందుకే నమ్మకుండా మీ దగ్గరికి వచ్చాను. వెనక కూర్చుంది మీరు. సైకిలు ఏ పక్కన ఉందండీ?"

"కాలవ పక్కనే ఉన్నాం. రూలు ప్రకారమే ఉన్నాం. మీవాడే మా పక్కకి వచ్చాడు."

"ఏం రూలండీ?"

"సైకిళ్ళు కాలవ వైపు పోవాలని. తూము మీద రాసి లేదూ?"

ప్రేమమ్మ కొంచెం ముందుకి వంగింది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలియని సంగతి తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"ఆ రూలు మా పెడనలో లేదండీ. బందరులో కూడా లేదు. మావాడు మీ ఊరు రావడం అదే మొదటిసారి. వాడికి ఎవరు చెప్పారండీ?"

వెంకటరత్నమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ఈలోగా పక్కింటి గోడ మీద నుంచి ఓ తల లేచింది. "ఏమ్మోయ్, చేసిందంతా చేసి ఇంటి మీదకి కూడా వచ్చారా?" ప్రేమమ్మ లేచింది. కొంగు నెత్తి మీదకి లాక్కుని, "వస్తానండీ, కాలు జాగ్రత్త" అని వెళ్ళిపోయింది.

గేటు పడ్డాక లాస్య మెల్లిగా అంది, "ఆవిడ చెప్పింది నిజమే నానమ్మా."

పదిహేడు దాటిన లాస్య గేర్లు లేని స్కూటీకి ఎల్లెల్లార్ పరీక్ష రాయడానికని పుస్తకం ఫోనులో పెట్టుకుని చదువుతోంది. అందులోది చదివి వినిపించింది. సైకిలు కూడా బండే. అన్ని బండ్లలాగే ఎడమ వైపే వెళ్ళాలి. ఎదురొచ్చే బండ్లని చూసుకుంటూ కుడి వైపున నడవాల్సింది కాలినడకన పోయేవాళ్ళు.

"అంటే నడిచేవాళ్ళ రూలు తెచ్చి సైకిళ్ళకి తగిలించానా నేను?"

"వెనక నుంచి వచ్చేవాడికి మనం కనపడతాం నానమ్మా, వాడికి ఆగే వ్యవధి ఉంటుంది. ఎదురెళ్తే ఇద్దరి స్పీడూ కలుస్తుంది. పైగా మలుపులో అటు నుంచి వచ్చేవాడు సైకిలు ఉంటుందని అనుకోడు కూడా."

"తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"పదో క్లాసులో చెప్పాను. తాతయ్య పోయిన పక్కకే పొమ్మంటావా అని నువ్వు రెండు రోజులు అన్నం మానేశావు. అప్పట్నుంచి నేను తిరిగొచ్చేటప్పుడు దారంతా ఎడమ పక్కనే తొక్కుతాను. ఊరు దగ్గరపడగానే కాలవ వైపు మారిపోతాను. మా క్లాసు వాళ్ళందరూ అంతే."

సాయంత్రం బసవపున్నయ్య వచ్చాడు. ప్రెసిడెంటు పదవి పోయి పాతికేళ్ళయినా ఊరు ఆయన్ని ప్రెసిడెంటుగారనే పిలుస్తుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, "రేపు హెడ్డుగారు వస్తారక్కాయ్. ఎడమ పక్కన నెమ్మదిగా వెళ్తున్నాం అను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు" అన్నాడు.

"ఎడమ పక్కన లేం కదా తమ్ముడూ."

ఆయన గేటు వైపు చూశాడు. ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. "నాకు తెలీదనుకున్నావా? మా మనవడు కారు నేర్చుకున్నప్పుడే తెలిసింది. పదేళ్ళయింది."

"మరి ఆ రాత చెరిపించలేదేం?"

"ఏమని చెరిపించను? జనాన్ని ఇన్నేళ్ళూ తప్పుదారిలో తిప్పామని చాటింపు వేయించనా? ఆ మలుపులో బడి మాస్టారి చెయ్యి విరిగింది. పూజారిగారి పళ్ళు రాలాయి. చాకలి సుబ్బులు కొడుకు సంగతి నీకు తెలుసు. పొరుగూరి బండివాళ్ళదే తప్పని వాళ్ళందరూ ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నారు. ఇప్పుడు కాదంటే అందరూ నీ గుమ్మంలోకీ నా గుమ్మంలోకీ వస్తారు. నేను కర్ర పట్టుకునైనా పారిపోతాను. నువ్వు మంచం దిగలేవు."

నవ్వాడు గాని ఆయన చేతులు కుర్చీని వదల్లేదు. చాకలి సుబ్బులు కొడుకుది తొడ ఎముక. వాడు ఇప్పటికీ కుంటుతాడు. వాడు చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటుంటే చెయ్యి పట్టి కాలవ వైపు నడిపించింది వెంకటరత్నమ్మే.

ఆ రాత్రి ఆవిడ కళ్ళు మూయలేదు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. నిజం చెబితే ఊరు పోతుంది, కొడుకు పోతాడు, కోడలు పోతుంది. చెప్పకపోతే పెడనలో ఒక తల్లికి తన కొడుకు మాట నమ్మాలో లేదో ఎప్పటికీ తెలియదు. కట్టు లోపల కాలు దురద పెడుతోంది, వేలు పెట్టి గోక్కోవడానికి సందు లేదు.

పొద్దున్న తొమ్మిదింటికి హెడ్డు కానిస్టేబులు వచ్చాడు, చేతిలో కాగితాలతో. బసవపున్నయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. చిన్నబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గుడివాడ ఆస్పత్రికీ రొయ్యల చెరువు పనికీ తిరిగి తిరిగి అతని కళ్ళు గుంటలు పడిపోయాయి.

"ప్రెసిడెంటుగారు చెప్పినట్టు రాసుకొచ్చానండీ పెద్దమ్మగారూ. సంతకం పెడితే అయిపోతుంది."

"ఇలా ఇవ్వండి."

"చదువుతారా?"

"ఏదో, కూడబలుక్కుంటాను."

మొగుడు పోయాక పచారీ పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న చదువు. అక్షరం కింద అక్షరం వేలు పెట్టుకుంటూ చదివింది. అందరూ ఆ వేలునే చూస్తున్నారు. 'రోడ్డుకు ఎడమ పక్కగా నెమ్మదిగా వచ్చుచుండగా' అన్న దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది తప్పండీ. మేం కుడి పక్కన ఉన్నాం. హారన్ కొట్టలేదని రాశారు, అదీ తప్పే. రెండుసార్లు కొట్టాడు."

"అమ్మా!" అన్నాడు చిన్నబాబు.

"తల అదిరిందండీ హెడ్డుగారూ, అప్పట్నుంచీ మతి సరిగ్గా లేదు" అన్నాడు బసవపున్నయ్య.

"ఇప్పుడే వచ్చింది తమ్ముడూ, మతి."

"అయినా కుడైతే ఏం, ఎడమైతే ఏం? పెద్ద బండిదే కదా తప్పు."

"అలా ఏం లేదండీ" అన్నాడు హెడ్డు విసుగ్గా. "అందరూ అంటారు గాని అలా ఎక్కడా లేదు. ఎవరు తప్పు చేస్తే వాళ్ళదే." ఇంకో తెల్లకాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "చెప్పండి పెద్దమ్మగారూ. కుడి పక్కకి ఎందుకు వెళ్ళారు? మీ కోడలికి రూలు తెలీదా?"

వెంకటరత్నమ్మ ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. తెలీదనొచ్చు. అంటే సరిపోతుంది. ఆటో అబ్బాయి బయటపడతాడు, గిల్లిన సంగతి ఎప్పటికీ బయటికి రాదు. ఊళ్ళో ఎవరికీ తెలియంది ఇంద్రజకి మాత్రం తెలియాలని ఏముంది? తప్పంతా గుడివాడలో మంచం మీద ఉన్నదాని నెత్తిన పడుతుంది. అది మాత్రం ఏమంటుంది, పదిహేడు రోజులుగా నోరు విప్పనిది?

"తెలీదా అండీ?" హెడ్డు మళ్ళీ అడిగాడు.

"తెలుసండీ. ఎడమ పక్కకే తిప్పింది. నేనే గిల్లాను."

"ఏంటి?"

"నడుం మీద గిల్లాను. కాలవ వైపు పొమ్మని. నొప్పికి ఇటు తిప్పేసింది. అప్పుడే ఆ అబ్బాయి ఎదురొచ్చాడు. రాసుకోండి."

హెడ్డు రాసుకుంటున్నాడు. చిన్నబాబు తల్లి మొహం వంక కాదు, ఆవిడ చేతి వంక చూస్తున్నాడు.

"పదిహేడు రోజులు" అన్నాడు చివరికి. "పదిహేడు రోజులు ఆ కుర్రాణ్ణి జైల్లో వేయించాలని స్టేషను చుట్టూ తిరిగాను. చెరువు గట్టు మీంచి పరుగెత్తుకొచ్చి మొదట చెయ్యి చేసుకుందీ నేనే. నువ్వు ఇక్కడ పడుకుని చూస్తున్నావు. అది అక్కడ పడుకుని..." మాట పూర్తి కాలేదు. బైకు తాళం అందుకుని మెట్లు దిగాడు.

"ఎక్కడికి నాయనా?"

బైకు స్టార్టయింది.

హెడ్డు రాసింది ఆవిడ మళ్ళీ వేలు పెట్టుకుని చదివింది. 'గిల్లుట వలన' అని రాశాడు. పేరు మొత్తం ఒక్క పొల్లు వదలకుండా రాసి సంతకం పెట్టింది. "ఇది పైకి పంపిస్తాను. ఆ అబ్బాయి మీద కేసు నిలబడకపోవచ్చు" అని అతను లేచాడు. బసవపున్నయ్య చెప్పులు వేసుకుంటూ, "రేపటి నుంచి ఈ ఊరు నీ మొహం చూడదక్కాయ్" అన్నాడు.

"నేనూ లేచొచ్చి చూపించలేను కదా తమ్ముడూ" అంది వెంకటరత్నమ్మ.

అన్నట్టుగానే ఆవేళ పరామర్శకు ఎవరూ రాలేదు. గోడ మీద తల కూడా లేవలేదు. మధ్యాహ్నం లాస్య అన్నం కలిపి తెస్తే రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టింది. రోడ్డు మీద సైకిలు బెల్లు వినపడినప్పుడల్లా మెడ చాచింది. మంచం మీద నుంచి ప్రహరీ తప్ప ఏమీ కనపడదు.

నాలుగింటికి ఫోను మోగింది. లాస్య స్పీకరు పెట్టి మంచం మీద ఉంచింది.

"అత్తయ్యా."

"ఆ."

"మీ అబ్బాయి వచ్చారు. బయట వరండాలో కూర్చున్నారు, లోపలికి రావడం లేదు. చెప్పేశారంటగా."

"చెప్పేశానమ్మా."

అవతల కాసేపు నర్సుల మాటలు, మంచం కిర్రుమన్న చప్పుడు.

"కోపం లేక దాచాననుకోకండి అత్తయ్యా. ఉంది. కుట్లేసిన చోటు కన్నా మీరు గిల్లిన చోటే సలుపుతోంది. ఆ మచ్చ పోయి కూడా వారమైంది, అయినా సలుపుతోంది. మావయ్యగారి సంగతి తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ఎన్నాళ్ళు ఊరుకునేదాన్నో నాకే తెలీదు."

"తిట్టు. కడుపులో పెట్టుకోకు."

"ఓపిక లేదండీ." ఇంద్రజ ఊపిరి బరువుగా వినిపించింది. "ఎల్లుండి డిశ్చార్జి చేస్తారంట. మా అమ్మ వాళ్ళింటికి వెళ్తున్నాను. లాస్యని సెలవులకి పంపించండి."

"ఎన్నాళ్ళు ఉంటావు?"

జవాబు లేదు. వెంకటరత్నమ్మ ఫోను మీదకి వంగింది. కట్టు వేసిన కాలు అడ్డం పడి అంతకు మించి వంగలేకపోయింది. ఇంకేమన్నా అడుగుదామనుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

"పెట్టేసిందా?" అంది మనవరాలితో, గుసగుసగా.

లాస్య ఫోను వంక చూసింది.

"లేదు నానమ్మా. లైన్లోనే ఉంది."